తెలుగు క్రియ చెప్పేస్తుంది, ఇంగ్లీషు క్రియ చెప్పదు

ఇంగ్లీషు వార్తలు చదివి అర్థం చేసుకోగలిగినవారు, ఉద్యోగంలో రోజూ ఇంగ్లీషులో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారు కూడా మాట్లాడేటప్పుడు "షి వర్క్ ఇన్ ఎ బ్యాంక్" అనో, "డిడ్ యూ వెంట్ దేర్?" అనో, "ఈజ్ రెయినింగ్" అనో అనడం తరచుగా వింటుంటాం. ఇవి పదాలు తెలియక వచ్చే పొరపాట్లు కావు, సూత్రం తెలియక వచ్చేవి అంతకన్నా కావు. సబ్జెక్ట్ ప్రథమ పురుష (ఇంగ్లీషులో థర్డ్ పర్సన్) ఏకవచనంలో ఉంటే వర్తమాన కాలంలో వర్బ్ చివర 'ఎస్' చేరుతుందని వాళ్లలో చాలామంది తడుముకోకుండా చెప్పగలరు. అయినా మాటల్లో అది జారిపోతుంది. ఇంగ్లీషు నేర్చుకుంటున్న తెలుగువారికి సాయం చేస్తున్నకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ పొరపాట్లలో ఎక్కువ భాగానికి మూలం ఒక్కటే. తెలుగు క్రియ తన కర్త ఎవరో తానే చెప్పేస్తుంది, ఇంగ్లీషు క్రియ దాదాపుగా చెప్పదు. ఈ తేడా మనసుకు పట్టనంతవరకు సబ్జెక్ట్, వర్బ్ అనేవి పరీక్ష కోసం వల్లించిన రెండు పేర్లుగానే మిగిలిపోతాయి.

ముందు మన క్రియను ఒకసారి చూద్దాం. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చాము, వచ్చారు, వచ్చాయి. ఈ ఏడు మాటల్లో దేనికీ ముందు కర్తను చేర్చనక్కర లేదు. "నిన్న సాయంత్రం వచ్చాను" అంటే వచ్చింది నేనేనని వినేవారికి సందేహం ఉండదు. పురుష, వచనం, కొంతవరకు లింగం, ఆపైన గౌరవం కూడా క్రియ చివర ఉండే ఆ చిన్న ప్రత్యయంలోనే ఇమిడి ఉంటాయి. అందుకే తెలుగులో కర్తను పైకి చెప్పడం చాలాసార్లు అనవసరం, కొన్నిసార్లు విసుగు కూడా. "నేను లేచాను, నేను ముఖం కడుక్కున్నాను, నేను బయలుదేరాను" అని ఎవరైనా చెబితే ఆ 'నేను' మీద ఎందుకంత పట్టుదల అనిపిస్తుంది.

ఇప్పుడు ఇంగ్లీషులో అదే పని చెప్పే 'కేమ్' అనే మాటను చూడండి. ఐ కేమ్, యూ కేమ్, హి కేమ్, షి కేమ్, ఇట్ కేమ్, వి కేమ్, దె కేమ్. ఏడింటికీ ఒకటే రూపం. ముందున్న మాటను తీసేసి "కేమ్ ఎస్టర్డే" అంటే వచ్చింది ఎవరో తెలిసే దారి లేదు. కర్తను చెప్పే బాధ్యతను ఇంగ్లీషు క్రియ వదిలేసింది కాబట్టి, ఆ బాధ్యత పూర్తిగా వాక్యం మొదట ఉండే స్థానం మీద పడింది. అందుకే ఇంగ్లీషు వాక్యంలో ఆ స్థానం ఖాళీగా ఉండకూడదు. పై అధికారికి రాసే ఉత్తరంలో "విల్ సెండ్ ద రిపోర్ట్ టుమారో" అని మొదలుపెట్టేవారు 'పంపుతాను' అనే తెలుగు మాటలోని 'ను'ను మనసులో వింటున్నారు. ఆ 'ను' చేసే పనిని ఇంగ్లీషులో మొదట ఉండే 'ఐ' చేయాలి. సన్నిహితుల మధ్య నడిచే పొట్టి సందేశాల్లో ఇంగ్లీషువారు కూడా ఆ 'ఐ'ని వదిలేస్తారన్నది నిజమే కాని, అది అలవాటుగా వదిలేయడమే తప్ప వాక్యం కట్టే పద్ధతి కాదు. నియమంగా సబ్జెక్ట్ కనిపించని చోటు ఆజ్ఞార్థకం ఒక్కటే. "ఓపెన్ ద డోర్" అన్నప్పుడు ఎదుటనున్న వ్యక్తే సబ్జెక్ట్ అని అందరికీ తెలుసు.

తెలుగులోనూ క్రియ మౌనం వహించే చోటు ఒకటి ఉంది. 'రాలేదు' అన్న మాట తీసుకుంటే నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్లు రాలేదు అని అందరికీ అదే వాడతాం. రానిదెవరో ఆ మాట చెప్పదు కాబట్టి, సందర్భం తెలియనప్పుడు "ఎవరు రాలేదు?" అని అడగాల్సి వస్తుంది. ఇంగ్లీషు వాక్యమంతా దాదాపుగా ఈ 'రాలేదు' స్థితిలోనే ఉంటుందని నేర్చుకునేవారికి చెప్పి చూశాను. సూత్రంగా చెప్పినప్పటి కంటే ఇలా చెప్పినప్పుడు విషయం త్వరగా పట్టుబడుతుంది.

స్థానం ఎందుకంత ముఖ్యమో ఇంకో వైపు నుంచి కూడా చూడవచ్చు. "కుక్క పిల్లిని తరిమింది" అన్నా, "పిల్లిని కుక్క తరిమింది" అన్నా తరిమింది కుక్కే. 'ని' అనే విభక్తి పిల్లికి అతుక్కుని ఉన్నంతవరకు అది వాక్యంలో ఎక్కడ కూర్చున్నా కర్మగానే ఉంటుంది. "ద డాగ్ చేజ్డ్ ద క్యాట్" అన్న వాక్యంలో అలాంటి గుర్తు ఏదీ లేదు, రెండు నామవాచకాల స్థానాలు మార్చగానే తరిమేది పిల్లి అయిపోతుంది. ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో నామవాచకాలకూ, వాటి ముందు వచ్చే 'ద'కు సమానమైన మాటకూ మన విభక్తుల వంటి రూపభేదాలు ఉండేవి. పుంలింగ ఏకవచనంలో కర్తకు ముందు 'సె' అనీ, కర్మకు ముందు 'థొనె' అనీ వచ్చేది. తర్వాతి శతాబ్దాల్లో ఆ గుర్తులు అరిగిపోయాయి, వాటి పనిని పదక్రమం తీసుకుంది. ఇప్పుడు ఆ పాత వైభవం సర్వనామాల్లో మాత్రమే మిగిలింది. ఐ, హి, షి, వి, దె అనేవి వర్బ్‌కు ముందు సబ్జెక్ట్‌గా వస్తే, మి, హిమ్, హర్, అస్, దెమ్ అనేవి దాని తర్వాత వస్తాయి. 'హి'కీ 'హిమ్'కీ మధ్య ఉన్న తేడా 'అతను', 'అతన్ని' అనే వాటి మధ్య ఉన్న తేడాయే.

సబ్జెక్ట్ స్థానం ఖాళీగా ఉండకూడదన్నట్టే, వర్బ్ స్థానం కూడా ఖాళీగా ఉండకూడదు. ఇక్కడ తెలుగువారు ఇంకోరకంగా ఇబ్బంది పడతారు. "ఆయన డాక్టరు", "ఇది నా పుస్తకం", "వాళ్లు మంచివాళ్లు" అనేవి తెలుగులో క్రియ లేని నిండు వాక్యాలు. వాటిలో ఏదో లోపించిందని మనకు అనిపించదు, లోపించలేదు కూడా. ఇంగ్లీషులో మాత్రం "హి డాక్టర్" అంటే అది వాక్యం కాదు, రెండు మాటలు పక్కపక్కన నిలబడ్డాయంతే. అక్కడ 'ఈజ్' రావాలి. ఈ 'ఈజ్'కు తెలుగులో అర్థమేమిటని అడిగితే చాలామంది 'ఉన్నాడు' అంటారు, ఆ జవాబుతోనే చిక్కు మొదలవుతుంది. "హి ఈజ్ ఇన్ ద రూమ్" అన్నప్పుడు 'ఉన్నాడు' సరిపోతుంది. "హి ఈజ్ ఎ డాక్టర్" అన్నప్పుడు మాత్రం ఆ 'ఈజ్'కు తెలుగులో జత లేదు. అది సబ్జెక్ట్‌నూ, దాన్ని గురించి చెప్పే మాటనూ కలుపుతుంది, కాలాన్ని చూపిస్తుంది. నిన్నటి సంగతి అయితే 'వజ్' అవుతుంది.

ఇంగ్లీషు క్రియలన్నిటిలో ఎక్కువ రూపాలు ఉన్నది కూడా ఈ క్రియకే. బి, యామ్, ఈజ్, ఆర్, వజ్, వర్, బీన్, బీయింగ్ అని 8 రూపాలు. మిగిలిన మామూలు క్రియలకు అయిదుకు మించి ఉండవు. రైట్, రైట్స్, రైటింగ్, రోట్, రిటన్ అనే వరుసలో అయిదూ కనిపిస్తాయి, 'పుట్' వంటి క్రియకు పుట్, పుట్స్, పుటింగ్ అనే మూడే. మనిషి మారితే గతకాలంలో కూడా రూపం మారేది ఒక్క 'వజ్', 'వర్' దగ్గరే. తెలుగు క్రియకు ఉన్న రూపాలను లెక్కపెట్టడం మొదలుపెడితే ఇంగ్లీషు క్రియ ఎంత తేలికైనదో అర్థమవుతుంది. తేలికైన దాని దగ్గర మనం తడబడేది బరువైన దానికి అలవాటు పడినందువల్లే.

సబ్జెక్ట్ స్థానం మీద ఇంగ్లీషుకున్న పట్టుదల ఎంతటిదంటే, చెప్పడానికి కర్త ఎవరూ లేనప్పుడు కూడా అక్కడ ఒక మాటను నిలబెడుతుంది. "చీకటి పడింది" అనడానికి "ఇట్ గాట్ డార్క్" అంటారు. "ఉక్కగా ఉంది" అనడానికి "ఇట్ ఈజ్ హ్యూమిడ్" అంటారు. ఈ 'ఇట్' ఏ వస్తువునూ సూచించదు. ఏది చీకటి పడిందని వెతికితే దొరికేదేమీ ఉండదు. "గదిలో ఇద్దరు మనుషులు ఉన్నారు" అనడానికి "దేర్ ఆర్ టూ పీపుల్ ఇన్ ద రూమ్" అన్నప్పుడు వచ్చే 'దేర్' కూడా అలాంటిదే. అది 'అక్కడ' అనే అర్థం ఇవ్వదు, స్థానాన్ని నింపుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. స్థానం నింపింది 'దేర్' అయినా, క్రియ మాత్రం తర్వాత వచ్చే నామవాచకాన్ని బట్టి మారుతుంది. ఒకరుంటే 'దేర్ ఈజ్', ఇద్దరుంటే 'దేర్ ఆర్'. "ఈజ్ రెయినింగ్" అనేవారికి ఈ ఖాళీ మాటల అవసరం అర్థమైతే చాలు, ఆ పొరపాటు దానంతటదే తగ్గిపోతుంది.

నన్నడిగితే తెలుగువారు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు 'నాకు'తో మొదలయ్యే వాక్యాలు. నాకు తెలుసు, నాకు ఆకలి వేస్తోంది, నాకు ఆ పాట ఇష్టం, నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు, నాకు భయం వేసింది, నాకు ఆ సంగతి గుర్తుంది. మన మనసులో, ఒంట్లో జరిగేవాటినీ, మనకు కలిగి ఉన్నవాటినీ తెలుగు మనం చేసే పనులుగా చూడదు. అవి మనకు జరుగుతాయి, మనకు ఉంటాయి. అందుకే మనిషి చతుర్థీ విభక్తిలోకి వెళతాడు, క్రియ మరో మాటతో పొంతన కుదుర్చుకుంటుంది. "నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు" అన్నప్పుడు 'ఉన్నారు' అన్నది అక్కలను బట్టి వచ్చిన రూపం, నన్ను బట్టి కాదు. "నాకు ఆకలి వేస్తోంది" అన్నప్పుడు వేసేది ఆకలి.

ఇంగ్లీషు ఈ వాక్యాలన్నిటిలోనూ మనిషిని ముందుకు తెచ్చి సబ్జెక్ట్ స్థానంలో కూర్చోబెడుతుంది. ఐ నో, ఐ యామ్ హంగ్రీ, ఐ లైక్ దట్ సాంగ్, ఐ హ్యావ్ టూ సిస్టర్స్, ఐ వజ్ స్కేర్డ్, ఐ రిమెంబర్ ఇట్. 'టు మి' అన్న మాట వీటిలో ఎక్కడా లేదు. 'నాకు'ను అలాగే మోసుకువెళ్లి "టు మి టూ సిస్టర్స్ ఆర్ దేర్" అనేవారు మొదట్లో ఉంటారు, ఆ దశ దాటినవారు కూడా "ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్" దగ్గర ఆగిపోతారు. ఈ రెండో పొరపాటుకు కారణం వేరు. 'ఉన్నారు' అనే మాటలో మనకు ఒక కొనసాగింపు వినిపిస్తుంది, ఇంగ్లీషు మాత్రం అక్కలుండడాన్ని జరుగుతున్న పనిగా కాక స్థిరమైన స్థితిగా చూస్తుంది కాబట్టి అక్కడ 'హ్యావ్' అన్న సాదా రూపమే సరైనది. 'నాకు' వాక్యాలను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికి ఇంగ్లీషులో సబ్జెక్ట్ ఏదో, వర్బ్ ఏదో ఎదురుగా గుర్తుపెట్టుకోవడం కంటే మంచి అభ్యాసాన్ని నేను చూడలేదు. అన్నీ ఒకే అచ్చులో పడవని అప్పుడే తెలుస్తుంది. కొన్నిచోట్ల 'యామ్', కొన్నిచోట్ల 'హ్యావ్', కొన్నిచోట్ల విడి క్రియ వస్తాయి.

ఇక్కడే మరో విషయం చెప్పాలి. బడి పుస్తకాల్లో సబ్జెక్ట్ అంటే కర్త అనీ, పని చేసేవాడు కర్త అనీ చెబుతారు. మొదటి పాఠానికి ఇది సరిపోతుంది కాని, అక్కడే ఆగిపోతే ముందుకు వెళ్లేకొద్దీ అడ్డం తిరుగుతుంది. మన వ్యాకరణ సంప్రదాయంలో కర్త అనేది అర్థానికి సంబంధించిన భావన. పాణిని అష్టాధ్యాయిలో కర్తను చెప్పిన సూత్రం "స్వతంత్రః కర్తా" అన్నది, అంటే క్రియ విషయంలో స్వతంత్రంగా ఉండేది కర్త. "ఈ ఉత్తరం అక్క చేత రాయబడింది" అన్న వాక్యంలో 'అక్క' తృతీయా విభక్తిలోకి వెళ్లినా కర్త ఆవిడే, ఎందుకంటే రాసింది ఆవిడే. ఇంగ్లీషు సబ్జెక్ట్ అలా కాదు, అది వాక్య నిర్మాణానికి సంబంధించినది. "ద లెటర్ వజ్ రిటన్ బై మై సిస్టర్" అన్న వాక్యంలో సబ్జెక్ట్ 'ద లెటర్'. అది ఏ పనీ చేయలేదు, అయినా వర్బ్‌కు ముందు స్థానంలో ఉన్నది అదే, 'వజ్' అన్న ఏకవచన రూపం వచ్చింది దాన్ని బట్టే. ఉత్తరాలు చాలా ఉంటే, అక్క ఒక్కరే అయినా, "ద లెటర్స్ వర్ రిటన్ బై మై సిస్టర్" అవుతుంది. కాబట్టి సబ్జెక్ట్‌ను వెతికేటప్పుడు "ఎవరు చేశారు?" అని అడగడం కంటే "వర్బ్ ఎవరి మాట వింటోంది?" అని అడగడం మేలని నా నమ్మకం.

ఆ ప్రశ్న అడగాలంటే ముందు వర్బ్ దొరకాలి. చాలామంది వాక్యం మొదటి మాట నుంచి సబ్జెక్ట్ కోసం వెతకడం మొదలుపెడతారు. వాక్యం పొడవుగా ఉన్నప్పుడు అది దారి తప్పిస్తుంది. వర్బ్‌ను పట్టుకోవడానికి నమ్మకమైన ఉపాయం కాలాన్ని మార్చి చూడడం. "మై బ్రదర్ టీచస్ మ్యూజిక్" అన్న వాక్యాన్ని గడిచిపోయిన కాలానికి మారిస్తే 'టీచస్' ఒక్కటే 'టాట్'గా మారుతుంది, మిగిలిన మాటలు కదలవు. కదిలిన మాటే వర్బ్. ఈ పరీక్షకు నిలవని క్రియారూపాలు కూడా వాక్యంలో ఉంటాయి. "ద బాయ్ రన్నింగ్ ఆన్ ద రోడ్" అన్న మాటల్లో 'రన్నింగ్' క్రియలాగే కనిపిస్తుంది, కాని కాలం మారినా అది మారదు, అందుకే అది నిండు వాక్యం కాదు. దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువారి చేతిలో ఒక చక్కని సాధనం ముందే ఉంది. మన వ్యాకరణం క్రియలను సమాపకాలు, అసమాపకాలు అని విడదీసింది. 'పరిగెత్తుతూ', 'పరిగెత్తి', 'పరిగెత్తితే' అనేవి అసమాపకాలు, వాటితో వాక్యం ముగియదు, వాటి చివర పురుష వచనాల గుర్తు ఉండదు. 'పరిగెత్తాడు' అన్నది సమాపకం. ఇంగ్లీషులో 'ఇంగ్' చివర ఉన్న రూపం ఒంటరిగా నిలిచినప్పుడూ, 'టు' ముందు ఉన్న రూపమూ అసమాపకాలే. సబ్జెక్ట్‌తో పొంతన కుదుర్చుకునేది సమాపక క్రియ ఒక్కటే. బడిలో నేర్చుకున్న ఈ తెలుగు పాఠాన్ని ఇంగ్లీషు తరగతిలో ఎవరూ గుర్తు చేయకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

వర్బ్ దొరికాక సబ్జెక్ట్ హద్దులు తేల్చడానికి వాక్యాన్ని ప్రశ్నగా మార్చి చూడవచ్చు. "ద కలర్ ఆఫ్ ద వాల్స్ ఈజ్ వైట్" అన్నది ప్రశ్న అయినప్పుడు 'ఈజ్' ముందుకు దూకి "ఈజ్ ద కలర్ ఆఫ్ ద వాల్స్ వైట్?" అవుతుంది. 'ఈజ్' ఎంత భాగాన్ని దాటి వెళ్లిందో అంతా సబ్జెక్ట్. ఆ భాగమంతటినీ తీసేసి 'ఇట్' పెట్టినా వాక్యం నిలుస్తుంది. ఇప్పుడు ఆ భాగంలో అసలు మాట ఏదో చూడాలి. 'కలర్' అసలు మాట, 'ఆఫ్ ద వాల్స్' దాన్ని వివరించేది. వర్బ్‌కు ఆనుకుని ఉన్నది 'వాల్స్' కాబట్టి నాలుక 'ఆర్' అనబోతుంది. ఈ లాగుడుకు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు కూడా తరచుగా లొంగిపోతారు. మనకు ఇది ఇంకా కష్టం, ఎందుకంటే తెలుగులో వివరించే భాగం ముందు వచ్చి అసలు మాట చివర వస్తుంది. "గోడల రంగు తెల్లగా ఉంది" అన్నప్పుడు 'రంగు' క్రియ వైపునే ఉంటుంది, పొరపడే అవకాశం తక్కువ. ఇంగ్లీషులో అసలు మాట ముందు వెళ్లిపోయి, దాని వివరణ మధ్యలో అడ్డుగా నిలుస్తుంది. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ హియర్" అన్న వాక్యంలో 'ఫ్రెండ్స్'ను కాక 'వన్'ను చూడవలసి రావడానికి కారణం ఇదే. సరిగ్గా ఈ పోలికలోనే ఉంటూ దారి తప్పించే జంట ఒకటి ఉంది. "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే సంఖ్య గురించి మాట్లాడుతున్నాం కాబట్టి 'ఈజ్', "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే పలువురు విద్యార్థులని అర్థం కాబట్టి 'ఆర్'.

ఇక ఆ 'ఎస్' సంగతి. అది ఒకప్పుడు ఉన్న పెద్ద కుటుంబంలో మిగిలిన ఒకే ఒక్క సభ్యుడు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలు అనువాదంలో 'దౌ గోయెస్ట్', 'హి గోయెత్' అన్న రూపాలు కనిపిస్తాయి. మన 'వెళ్తావు', 'వెళ్తాడు' లాగే అప్పటి ఇంగ్లీషు క్రియ కూడా పురుషను బట్టి మారేది. 'దౌ' అన్న ఏకవచన సర్వనామం వాడుక నుంచి తొలగిపోవడంతో దాని క్రియారూపం కూడా పోయింది, 'ఎత్' స్థానంలో ఉత్తరాది మాండలికాల నుంచి వచ్చిన 'ఎస్' స్థిరపడింది. 'దౌ' పోయాక మిగిలిన 'యూ' మొదట బహువచనం. మనం ఒక్కరినే గౌరవంగా 'మీరు' అని పిలిచి 'వచ్చారు' అన్నట్టే, అది గౌరవ సూచకంగా ఒక్కరికి వాడుకలోకి వచ్చి, చివరికి అందరికీ అదే అయింది. ఎదుట ఒక్కరే ఉన్నా 'యూ ఈజ్' అనక 'యూ ఆర్' అనడానికి కారణం అదే. అయితే ఈ గౌరవం అక్కడితోనే ఆగింది. "నాన్నగారు వస్తున్నారు" అని బహువచన క్రియ వాడే మనకు "మై ఫాదర్ ఈజ్ కమింగ్" అన్నప్పుడు ఏదో తక్కువ చేసినట్టు అనిపించవచ్చు, కాని ఇంగ్లీషు వర్బ్‌లో మర్యాదకు చోటు లేదు. ఆ మర్యాదను వేరే మాటలతో చూపించుకోవలసిందే.

'ఎస్' విషయంలో మరో చిక్కు, అది నామవాచకానికి చేరితే బహువచనం కావడం, వర్బ్‌కు చేరితే ఏకవచనాన్ని చూపడం. "ద బర్డ్ సింగ్స్" అన్నా, "ద బర్డ్స్ సింగ్" అన్నా 'ఎస్' ఒకచోటే ఉంది. మామూలు నామవాచకాల విషయంలో ఇది మంచి ఆనవాలు. 'చిల్డ్రన్' వంటి బహువచనాల దగ్గర మాత్రం ఇది పనిచేయదు.

"డిడ్ యూ వెంట్?" అన్న పొరపాటుకు వద్దాం. ఒకే వాక్యంలో రెండు మూడు క్రియలు వరుసగా వచ్చినప్పుడు కాలాన్నీ, పురుషనూ ఏది చూపించాలన్న విషయంలో తెలుగు, ఇంగ్లీషు సరిగ్గా ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయి. "ఎన్నాళ్లుగానో పని చేస్తూ వస్తున్నాడు" అన్నప్పుడు చివరి క్రియ 'వస్తున్నాడు' మాత్రమే పురుష వచనాలను చూపుతుంది, దాని ముందున్న 'చేస్తూ' మారదు. నేనైతే 'చేస్తూ వస్తున్నాను', వాళ్లైతే 'చేస్తూ వస్తున్నారు'. ఇంగ్లీషులో "హి హ్యాజ్ బీన్ వర్కింగ్" అన్నప్పుడు మారేది మొదటి క్రియ. నేనైతే 'హ్యావ్', అతనైతే 'హ్యాజ్', 'బీన్ వర్కింగ్' ఎప్పుడూ కదలదు. మన చెవి చివరి క్రియ దగ్గర మార్పు కోసం ఎదురు చూస్తుంది, ఇంగ్లీషు ఆ మార్పును మొదట్లోనే చెప్పేసి ముందుకు వెళ్లిపోతుంది. 'డిడ్' అనగానే గతకాలం చెప్పడం అయిపోయింది కాబట్టి తర్వాత 'గో' చాలు. "షి సింగ్స్" అన్నది ప్రశ్న అయితే 'ఎస్' లేచి 'డూ' మీదకు వెళ్లి 'డజ్' అవుతుంది, అది వెళ్లిపోయింది కాబట్టి "డజ్ షి సింగ్?" అన్నప్పుడు 'సింగ్' ఖాళీగా మిగులుతుంది. "షి డజంట్ సింగ్" అన్నప్పుడూ ఇంతే. 'క్యాన్', 'విల్', 'మస్ట్' వంటివి మొదట వస్తే 'ఎస్' ఎక్కడా రాదు. "హి క్యాన్ సింగ్" అంటామే కాని 'క్యాన్స్' అనం. 'క్యాన్', 'మే' వంటి వాటి వర్తమాన రూపాలు చారిత్రకంగా గతకాల రూపాల నుంచి పుట్టినవి, గతకాలానికి ప్రథమ పురుష ఏకవచనంలో అలాంటి ప్రత్యయం లేకపోవడంతో వీటికీ రాలేదు.

మిగిలిన విశేషాలు వాడుకలో పట్టుబడేవే. 'ఎవ్రీబడీ' అంటే అందరూ అయినా ఏకవచనమే, 'న్యూస్', 'మ్యాథమేటిక్స్' చివర 'ఎస్' ఉన్నా ఏకవచనాలే, 'పోలీస్' చూడడానికి ఏకవచనంలా ఉన్నా 'ద పోలీస్ ఆర్' అనే అంటారు. 'టీమ్' వంటి సమూహ పదాలకు అమెరికావారు ఏకవచన క్రియ వాడితే, బ్రిటన్‌లో బహువచనం కూడా చెల్లుతుంది.

వీటికంటే ఎక్కువ సాధన కోరేది 'హూ', 'విచ్'లతో వచ్చే ఉపవాక్యాలు. "బడి వెనక ఇంట్లో ఉండే అబ్బాయి వయొలిన్ వాయిస్తాడు" అన్న వాక్యంలో ఒకే సమాపక క్రియ ఉంది, 'వాయిస్తాడు'. 'ఉండే' అన్నది ఎవరికీ కట్టుబడనిది. ఉండే అబ్బాయి, ఉండే అమ్మాయిలు, ఉండే మేము అని అందరికీ అదే రూపం. ఇంగ్లీషులో ఇదే మాట "ద బాయ్ హూ లివ్స్ ఇన్ ద హౌస్ బిహైండ్ ద స్కూల్ ప్లేస్ ద వయొలిన్" అవుతుంది. ఇక్కడ సమాపక క్రియలు రెండు. 'ప్లేస్'కు సబ్జెక్ట్ దూరంగా వెనక ఉన్న 'ద బాయ్', 'లివ్స్'కు సబ్జెక్ట్ దాని పక్కనే ఉన్న 'హూ'. ఆ 'హూ' తనంతట తాను ఏకవచనమో బహువచనమో కాదు, తన ముందున్న మాట వచనాన్ని తీసుకుంటుంది. అబ్బాయిలు ఇద్దరైతే "ద బాయ్స్ హూ లివ్ ఇన్ ద హౌస్ బిహైండ్ ద స్కూల్ ప్లే ద వయొలిన్" అని రెండు క్రియలూ మారతాయి. తెలుగు 'ఉండే' ఏ మార్పూ అడగదు కాబట్టి ఈ వాక్యాల్లో మొదటి క్రియ దగ్గర 'ఎస్' మరిచిపోవడం మనకు మామూలు. పొడవైన వాక్యం చదివేటప్పుడు 'హూ' నుంచి 'స్కూల్' వరకు వేలితో మూసి, మిగిలిన "ద బాయ్ ప్లేస్ ద వయొలిన్"ను ఒకసారి పైకి చదివి, తర్వాత వేలు తీసి మూసిన భాగంలో 'లివ్స్' ఎవరి కోసం వచ్చిందో చూసుకుంటే రెండు జంటలూ విడివిడిగా కనిపిస్తాయి.